కుట్టకూడని పుస్తకం

విడి కాగితం తన షాపు దాటి బయటికి పోకూడదన్నది బైండరు పట్టుదల. నలభై ఏళ్లుగా ఆ ఒక్క మాట మీదే బతికాడాయన. ఆస్పత్రి రిజిస్టర్లు, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు, లాయర్ల ఫైళ్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, ఏదొచ్చినా సరే, ఆయన చేతిలో పడ్డాక పేజీ అన్నది ఊడటానికి వీల్లేదు. ఎవరైనా "ఊరికే క్లిప్పు పెట్టి ఇచ్చెయ్యండి, చాలు" అన్నారా, అయిపోయారే. "క్లిప్పులు ఎదురు కొట్లో అమ్ముతారు, వెళ్లి పెట్టుకోండి" అని మొహం మీదే చెప్పి పంపేసేవాడు. ముక్కు మీద కోపం. అయినా జనం మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన కుట్టిన పుస్తకాన్ని మేడ మీంచి పడేసినా పేజీ కదిలేది కాదు. ఒకాయన నమ్మకపోతే నిజంగానే పడేసి చూపించాడు.

అలాంటి మనిషి దగ్గరికి మరదలు వచ్చి, "బావా, ముప్పై ఆరు కాగితాలు, వంద సెట్లు. పెట్టెలు చేసి అందులో పెట్టెయ్యి. కుట్టక్కర్లేదు" అంటే ఆయన బుర్రకి ఏమెక్కుతుంది చెప్పండి.

మరదలంటే చిన్నపిల్లేం కాదు. యాభై దాటాయి. ఇంట్లో అందరూ చిట్టి అని పిలిచీ పిలిచీ చిట్టిగానే ఉండిపోయింది. పళ్లు కట్టే ల్యాబులో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైనం కరిగించి, అచ్చులు పోసి, ముక్కూ మొహం తెలియనివాళ్ల నోళ్లకి పళ్లు చేస్తుంది. ఇంటికొచ్చి కవిత్వం రాస్తుంది. ఆ కవిత్వం నలుగురూ రాసినట్టు రాస్తే గొడవే లేదు. ఒక పుస్తకంలో పేజీకి ఒక్క మాటే ఉంటుంది. ఇంకోదాన్ని అద్దం ముందు పెట్టుకుని చదవాలి. మూడోది గుండ్రంగా అచ్చు వేయించింది, చదవాలంటే పుస్తకాన్ని స్టీరింగులా తిప్పుతూ ఉండాలి. మూడూ బైండింగు చేసింది బావే. మిగిలిపోయిన కాపీలన్నీ ఆయన షాపు అటక మీదే ఉన్నాయి.

"కవిగారూ, ఈసారిది తలకిందులుగా నిలబడి చదవాలా?" అని ఏడిపించేవాడు బావ.

"నువ్వు నిలబడతానంటే రాస్తా బావా" అనేది ఆవిడ. తగ్గే రకం కాదు.

ఈసారి సంగతి వేరు. పాత గోదాము ఒకదాన్ని బాగుచేసి, కొత్త రకం బొమ్మలకీ కవిత్వానికీ హాలుగా మార్చారు. ఆ హాలు నడిపే ఆవిడ చిట్టి రాసినవి చదివి, నడిమధ్యనున్న పెద్ద బల్ల నీదే అంది. వచ్చే వారం శనివారం నాలుగింటికి తలుపులు తీస్తారు. అప్పటికి వంద పెట్టెలూ బల్ల మీద లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పాతికేళ్లుగా రాస్తూ, రాసింది అటకెక్కించుకుంటూ వచ్చిన మనిషికి ఒక హాలు మధ్యలో చోటు దొరకడం ఇదే మొదలు. ఆ మాట చెప్పేటప్పుడు చిట్టి మామూలుగానే చెప్పింది కానీ, బావ చూడనే చూశాడు, తాగడం అయిపోయిన టీ గ్లాసునే మళ్లీ మళ్లీ నోటి దగ్గర పెట్టుకుంటోంది.

చెప్పి, మర్నాడే వేరే ఊరు వెళ్లిపోయింది. ల్యాబులో కొత్త మిషనేదో వస్తోందట, నేర్చుకు రమ్మని పది రోజులు పంపారు. ప్రెస్సునుంచి కాగితాలు తిన్నగా షాపుకే వచ్చాయి. మంచి మందం కాగితం, అరచేతికి రెండింతల సైజు. ముప్పై ఆరు దొంతరలు, దొంతరకి వంద.

బైండరు ఆ దొంతరల ముందు నిలబడి ఆలోచించాడు. పెట్టె అన్నది దేనికి చేయిస్తారు ఎవరైనా? లోపల పుస్తకం పెట్టుకోవడానికి. మరి కుట్టక్కర్లేదంటుందేం? మొహమాటం. అంతే, ఇంకేముంది. అక్క పోయాక బావ ఒక్కడే అయిపోయాడు, వేళ్లు నొప్పులంటున్నాడు, వంద పుస్తకాలు కుట్టమని ఏ మొహం పెట్టుకుని అడగను అనుకుని ఉంటుంది పిచ్చిమొద్దు. ఆయనకి మనసు కరిగిపోయింది. కుట్టాలి. గుడ్డ అట్టలు వెయ్యాలి. పెట్టెల్లో పెట్టాలి. మరదలు వచ్చేసరికి నోరు తెరిచి అలా నిలబడిపోవాలి. ఫోన్ చేసి ఒక మాట అడగొచ్చుగా అంటారేమో. అడిగేస్తే ఇక మజా ఏముంది?

అయితే ఒక చిక్కొచ్చింది. కాగితాల మీద పేజీ నెంబర్లు లేవు. ఏది ముందో ఏది వెనకో తెలియాలంటే చదవాలి. చదవడం ఆయనకి అలవాటు లేదు. ఆ షాపులో చదవడం భార్య వాటా, కుట్టడం ఆయన వాటా. చిట్టి అక్క, అంటే ఆయన భార్య, ముప్పై ఐదేళ్లు అక్కడే ఎత్తు బల్ల దగ్గర కూర్చుని అచ్చు కాగితాలు మడతపెట్టింది. మడతపెట్టే ప్రతి కాగితం చదివేది. చదివింది చదివినట్టు మొగుడికి చెప్పేది. ఎవరి పొలం ఎవరు కాజేశారు, ఏ పరీక్షలో ఏ పిల్లాడు ఏం కాపీ కొట్టాడు, అన్నీ ఆయనకి అలా చెవిన పడ్డవే. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఏం కుడుతున్నాడో ఆయనకే తెలియదు.

కళ్లజోడు తుడుచుకుని మొదటి దొంతర మీంచి ఒక కాగితం తీశాడు. మధ్యలో రెండే లైన్లు.

గొడుగేది?
నీ చేతిలోనే ఉంది.

ఇదేం కవిత్వం అనుకుంటూ రెండోది తీశాడు.

కోపమొస్తే గిన్నెలు తోమేది.
తోమిన గిన్నెలు కూడా.

మూడో కాగితమంతా ఖాళీ. కింద, కుడిచేతి మూల, చిన్నగా, "ఊఁ" అని ఉంది.

బైండరు అలాగే స్టూలు మీద కూర్చుండిపోయాడు. తను ఏం చెప్పినా, వంచిన తల ఎత్తకుండా ఎత్తు బల్ల దగ్గర్నుంచి వచ్చే ఊఁ అది. ఆ ఊఁ ఎవరిదో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, ఆయనకి తెలియదా. గబగబా మిగతావన్నీ లాగి చదివాడు. ముప్పై ఆరూ ఆవిడవే. తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి తాళం లాగి చూడటం. పాట సగం వచ్చి సగం రాక, రాని సగంలో సొంత మాటలు పెట్టి పాడటం. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే సైకిలు మీద వెళ్లి కాలవలో పడటం. ఆ కాగితం మీద అక్షరాలు కూడా ఓ పక్కకి ఒరిగిపోయి, అంచు దాకా జారిపోయి ఉన్నాయి. అన్నిట్లోకీ ఒకటి మాత్రం ఆయన అప్పుడు రెండోసారి చదవలేకపోయాడు.

నాలుగో అంతస్తు. కిటికీ పక్క మంచం.
నర్సు కర్టెన్ లాగింది.

ఆ పూట షాపు షట్టరు సగానికి దించేసి, బల్ల మీద కాగితాలు పరుచుకుని వరస పెట్టాడు. సైకిలు ముందు. తర్వాత పెళ్లి. తర్వాత షాపు, గొడుగు, గిన్నెలు, తాళం. ఆఖరున నాలుగో అంతస్తు. వరస కుదిరాక ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చదువుకుని భోరున ఏడ్చాడు. ఏడిస్తే ఏం, మర్నాడు పొద్దున్నే దబ్బనం పట్టుకున్నాడు. ఒక్కో కట్టకి ఎడమ అంచున అయిదు చిల్లులు, మైనం రాసిన దారంతో కుట్టు, వీపుకి పిండి జిగురు, పైన ముదురు నీలం గుడ్డ అట్ట. కొన్ని కాగితాల మీద అక్షరాలు అంచు దాకా ఉన్నాయి కాబట్టి అంచులు కత్తిరించలేదు, అదొక్కటే పుణ్యం. ఎనిమిది రోజుల్లో వంద పుస్తకాలు, పుస్తకానికి సరిపడా వంద పెట్టెలు. తన జన్మలో ఇంతకన్నా మంచి పుస్తకం కట్టలేదనుకున్నాడు. నిజమే, కట్టలేదు.

గురువారం పొద్దున్నే చిట్టి బస్సు దిగి సంచీతో సహా షాపుకే వచ్చింది. బైండరు ఏమీ ఎరగనట్టు ఒక పెట్టె తీసి చేతిలో పెట్టాడు. ఆవిడ మూత తీసింది. నీలం గుడ్డ చూసి ఆగిపోయింది. పుస్తకం బయటికి తీసి, మొదటి పేజీ చూడకుండా తిన్నగా ఆఖరి పేజీ తెరిచింది. చాలాసేపు చూసింది. బైండరు మెచ్చుకోలు కోసం మొహం సిద్ధం చేసుకుని నిలబడ్డాడు.

"విప్పెయ్యి బావా" అంది.

"ఏంటి?"

"అన్నీ ఇలాగే కుట్టావా? వందా? అన్నీ విప్పెయ్యాలి."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? "కుట్టింది విప్పమని నన్ను ఇంతవరకూ అడిగిన మగాడు లేడు, ఆడది లేదు. ఎనిమిది రోజులు వేళ్లు పుళ్లు పడేలా కుట్టాను. వరస తప్పిందా? చెప్పు, ఎక్కడ తప్పిందో. జరిగింది ఆ వరసలోనేగా."

"జరిగింది ఆ వరసలోనే. నాకు గుర్తొచ్చేది ఆ వరసలో కాదు."

"ఎవడు చదువుతాడే నీ కాగితాలు? పాతవి మూడూ అటక మీద పడున్నాయి. విడిగా ఇస్తే ఒకటి బల్ల కిందకి పోతుంది, ఒకటి ఫ్యాను గాలికి పోతుంది. ఎవరి కోసం ఈ వేషాలన్నీ?" అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు గానీ, నోరు జారాక ఏం లాభం.

చిట్టి అరవలేదు. ఎత్తు బల్ల దగ్గర, అక్క కూర్చునే స్టూలు మీద కూర్చుంది. రెండేళ్లుగా దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"ఎవరు చదువుతారో నాకు తెలీదు బావా. ఎప్పుడూ తెలీదు. కానీ ఒకటి విను. ఏడాదిపాటు నాకు అక్క అంటే ఆ ఒక్క రోజే. కళ్లు మూసుకుంటే కర్టెన్. పళ్లు చేస్తుంటే కర్టెన్. యాభై ఏళ్లు నాతో ఉన్న మనిషి మొత్తం పోయి ఆ ఒక్క పూట మిగిలింది. అది ఎలాగోలా వదిలించుకుందామని రాశాను. అది రాశాక గొడుగు వచ్చింది. తర్వాత గిన్నెలు. నేనెప్పుడో మర్చిపోయిన సైకిలు, అది కూడా వచ్చింది. రాస్తున్నకొద్దీ వస్తోంది. మానేస్తే మళ్లీ ఆ నాలుగో అంతస్తులోనే ఆగిపోతాను. ఎందుకు రాస్తావంటే అందుకే రాస్తాను, ఇంకో కారణం లేదు."

బైండరు పుస్తకం అందుకుని ఆఖరి పేజీ తెరిచాడు.

"అందుకే విడిగా వేయించాను. పెట్టెలో చెయ్యి పెడితే ఏదొస్తే అది. ఏదీ ఆఖరిది కాకూడదని. నువ్వు దాన్ని తీసుకెళ్లి ఆఖర్న పెట్టి, ఊడకుండా కుట్టేశావు. ఇప్పుడు ఈ వంద పుస్తకాల్లోనూ అక్క చచ్చిపోతుంది. ఎవరు తెరిచినా, ఎన్నిసార్లు తెరిచినా చచ్చిపోతుంది."

బైండరు పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్లుగా ఊడకపోవడమే గొప్ప అనుకున్న మనిషి. ఆ గొప్పే ఇవాళ వందసార్లు తప్పయి కూర్చుంది. అయితే ఒకటి చెప్పాలి, తప్పు తెలిశాక సాగదీసే మనిషి కాదాయన. సొరుగు లాగి సన్న బ్లేడు తీశాడు. తడిగుడ్డ తీశాడు.

"నువ్వు చెయ్యి పెట్టకు. చింపేస్తావు" అన్నాడు.

"రోజూ పళ్ల మధ్య సందులు చెక్కేదాన్ని. నాకు చెప్తున్నావా?" అని ఆవిడా ఒక బ్లేడు తీసుకుంది.

కుట్టడం కన్నా విప్పడం కష్టం. ముందు వీపు మీద తడిగుడ్డ వేసి జిగురు నానేదాకా ఆగాలి. తక్కువ నానితే కాగితం చిరుగుతుంది, ఎక్కువ నానితే ఉబ్బుతుంది. నానాక అట్ట మెల్లగా ఒలిచి, దారం అయిదు చోట్లా తెంపి, కాగితాలు ఒక్కోటీ విడదీసి, అంచు ఆరబెట్టి, బరువు కింద పెట్టాలి. మొదటి రోజు ముప్పై రెండు అయ్యాయి. ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. చిట్టి ల్యాబుకి ఫోన్ చేసి ఇంకో రోజు సెలవు పెట్టింది. శుక్రవారం చెయ్యి తిరిగింది, నలభై ఎనిమిది. పని మధ్యలో బావ ఒక కాగితం ఎత్తి, "ఈ తాళం సంగతి నీకెలా తెలుసు? అది మా వీధిలోగా" అన్నాడు. "అక్క ఫోన్లో చెప్పింది. మళ్లీ వెనక్కెళ్లి చూశానే చిట్టీ, మీ బావకి చెప్పకు, నవ్వుతాడు అంది." బావ నవ్వాడు. ప్రతి కాగితానికీ ఎడమ అంచున అయిదు చిల్లులు మిగిలాయి. అవి చూసినప్పుడల్లా ఆయనకి ప్రాణం ఉసూరుమనేది. "పోనీలే బావా, కనిపించవులే" అంది చిట్టి. కనిపిస్తున్నాయి, బాగా కనిపిస్తున్నాయి. అయినా అలా అంది.

శనివారం పన్నెండింటికి నూరోది విడిపోయింది. కాగితాలు పెట్టెల్లో సర్దుతుంటే ఇంకో పీడ బయటపడింది. పెట్టెలు చేసింది అట్టలతో ఉన్న పుస్తకం కొలతకి. అట్టలు పోయాయి. కాగితాలు మాత్రమే పెడితే లోపల వేలెడు సందు మిగిలి లొడలొడమంటున్నాయి. లొడలొడలాడే పెట్టె తన షాపునుంచి పోవడం కంటే చావడం మేలనిపించింది బైండరుకి. అడుగున అట్టముక్క వేసి ఎత్తు చేద్దామన్నాడు. టైమెక్కడిది? చిట్టి అప్పటికే ఆటో పిలిచేసింది.

మూడున్నరకి హాలు చేరారు. బల్ల ఖాళీగానే ఉంది, హాలు ఆవిడ గుమ్మంలోనే కాచుకుని ఉంది. బైండరు అలాంటి చోటికి రావడం అదే మొదలు. ఒక మూల మూడు కుర్చీల్ని తాడుతో కట్టి పైకప్పునుంచి వేలాడదీశారు. ఎందుకో ఆయనకి బోధపడలేదు, కానీ దగ్గరికెళ్లి చూసి ముడి బాగా వేశాడని ఒప్పుకున్నాడు. ఇంకో గోడకి ఎవరో పాత చొక్కాల కాలర్లు మాత్రమే కత్తిరించి అంటించారు. ఇంతమంది ఇలాంటివి ఎందుకు చేస్తారని ఎప్పుడూ విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ కాలర్లు చూస్తుంటే, ఇవి ఎవరి చొక్కాలో అన్న ఆలోచనొచ్చింది. అడుగుదామనుకుని మానేశాడు.

నాలుగు దాటాక జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లు తలా ఒక పెట్టె తీసుకుని, బల్ల చుట్టూ కూర్చుని, కాగితాలు బయటికి తీసి చదువుతున్నారు. బైండరు చేతులు వెనక్కి కట్టుకుని అందరి భుజాల మీంచీ చూస్తూ తిరిగాడు. డ్యూటీ దిగి అట్నుంచటే వచ్చినట్టున్నాడు, యూనిఫాంలో ఒక బస్సు డ్రైవరు కూర్చున్నాడు. అతని చేతికి రెండోదే నాలుగో అంతస్తు వచ్చింది. బైండరు అతని వెనకే ఆగిపోయాడు. డ్రైవరు చదివాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని ఇంకోసారి చదివాడు. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టి మరొకటి తీశాడు. గిన్నెలు వచ్చింది. పైకే నవ్వేశాడు. "మా ఆవిడా అంతే" అన్నాడు పక్కవాళ్లతో.

అంతే జరిగింది. కర్టెన్ లాగాక ఆవిడ మళ్లీ గిన్నెలు తోమింది. ఆ తర్వాత గొడుగు అడిగింది, ఆ తర్వాత సైకిలెక్కింది. బైండరుకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. దాచుకోలేదు. బల్లకి ఆ చివర కూర్చున్న మరదల్ని చూసి తల ఊపాడు. నువ్వన్నది నిజమే అన్నట్టు.

డ్రైవరు చదవడం అయిపోయి, కాగితాలు పెట్టెలో పెట్టి మూత వేసి, చేత్తో ఊపి చూశాడు. లొడలొడమంది. "ఏవండీ, ఇందులో కాగితాలేవో తగ్గినట్టున్నాయి" అన్నాడు.

ఆ మాట షాపులో ఎవరైనా అని ఉంటే కొట్లాటే. బైండరు ఆ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. సందులో వేలు పెట్టి కొలిచాడు.

"తగ్గాయి" అన్నాడు. "పది దాకా తగ్గాయి. అవి నా దగ్గరున్నాయి."

చిట్టి తిరిగి చూసింది. లేచి వచ్చి పక్కన నిలబడింది. "నీ దగ్గరేం ఉన్నాయి బావా?"

"నీకు తెలీనివి." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పెళ్లైన వారం. మీ అక్కకి షాపు చూపిద్దామని తీసుకొచ్చాను. రిజిస్టరు అట్టకి వేడి పిండి జిగురు రాసి పెట్టి ఉంది. చూసుకోకుండా దాని మీద చెయ్యి పెట్టేసింది, అతుక్కుపోయింది. ఏడుపు మొహం. నేను గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, గుడ్డ తడిపి, చెయ్యి పట్టుకుని కొంచెం కొంచెం నానబెడుతూ కూర్చున్నాను. అప్పటికి మేమిద్దరం సరిగా మాట్లాడుకున్నది కూడా లేదు. అరగంట పట్టింది."

"అరగంటా? పిండి జిగురుకి?" అంది చిట్టి. మూడు రోజులుగా అదే పని చేసిన మనిషి, ఆవిడకి తెలియదా.

"పది నిమిషాల్లోనే ఊడింది" అన్నాడు బైండరు. "తనూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

చిట్టి సంచీలోంచి ఒక ఖాళీ కాగితం తీసి ఆయన ముందు పెట్టి, పక్కన పెన్ను పెట్టింది. ఆయన చాలాసేపు ఆ తెల్ల కాగితం వంకే చూశాడు. తర్వాత కళ్లజోడు సవరించుకుని, రాయడానికి వంగాడు.